కోపంగా చుట్టిన తమాలెలు

మొక్కజొన్న పిండిని రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెలు చుట్టే రోజున ఆ ఇంట్లో ఎవరికీ కోపం ఉండకూడదు. ఉంటే కుండ మొండికేస్తుంది. పొద్దంతా మంట మీద కూర్చోబెట్టినా లోపల పిండి పచ్చిగానే ఉండిపోతుంది. ఫీనిక్స్‌కి దూరంగా ఉన్న రాగి గని ఊరు రెఫూహియోలో ఈ మాట నమ్మని ఆడమనిషి లేదు. పైకి నవ్వేవాళ్ళు కూడా ఆ ఒక్క రోజుకి నోరు అదుపులో పెట్టుకుంటారు. అందరికన్నా గట్టిగా నమ్మేది తియా చోలే, ఊరందరికీ అత్త. ఎనభై దాటిన మనిషి. క్రిస్మస్‌కి ముందు వచ్చే శనివారం, తన ఇంట్లో అందరూ కలిసి చుట్టే రోజున, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వచ్చినవాళ్ళ మొహం చూసిగాని లోపలికి వదలదు.

ఒఫేలియా మొహం ఆమెకు నచ్చలేదు.

"ఎవరితో పోట్లాడొచ్చావే?"

"ఎవరితోనూ లేదు తియా."

"రమీరోతోనా?"

"ఆయనతో పోట్లాడాలంటే ముందు ఆయన నోరు తెరవాలి కదండీ."

ముసలామె నవ్వి కాళ్ళు పక్కకు జరుపుకుంది. తల్లి వెనకే వచ్చిన తొమ్మిదేళ్ళ అరాసెలీ ఆమె చెంప మీద ముద్దు పెట్టి లోపలికి పరిగెత్తింది.

ఒఫేలియా చెప్పింది అబద్ధం. ఆ వారమంతా ఆమెకు కోపం తగ్గనేలేదు. ఏటా వచ్చే చోటికి రాకపోతే ఊరు ఊరంతా ఎందుకని ఆరా తీస్తుందని, దాన్ని అదిమిపెట్టుకుని వచ్చింది.

అసలు ఒఫేలియా బుస్తమాంతేకి కోపమనేది ఒకటుందని ఊళ్ళో చాలామందికి తెలియదు. ఇరవై ఏళ్ళకు పైగా సర్కారు బడి బస్సు నడుపుతోంది. పిల్లల మీద అరవదు. వెనక సీట్లో ఎవడైనా కొట్లాట మొదలుపెడితే తల పైనున్న అద్దంలోంచి ఒక చూపు చూస్తుంది. వాడు కూర్చుంటాడు. ఇప్పుడు పిల్లల తండ్రులైన మగాళ్ళు కూడా వీధిలో ఆ చూపు తగిలితే తెలియకుండానే చొక్కా సర్దుకుంటారు. ఆమె నాన్న రాగి గనిలో పనిచేసి పోయాడు. మొగుడు రమీరో అదే గనిలో నీళ్ళ లారీ నడుపుతాడు. గని సగం మూతపడ్డాక ఊరూ సగమైంది. పెద్దపిల్లలు ముగ్గురూ రెక్కలొచ్చి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక, ఇక చాలనుకున్న వయసులో అరాసెలీ పుట్టింది. ఏడాది నిండిన కొన్నాళ్ళకు వచ్చిన జ్వరం పిల్లను వదిలేసింది గాని చెవులను తీసుకుపోయింది.

ఆ పిల్లకు మాటలు నేర్పింది సర్కారు బడి. బడంటే బడి కాదు, అక్కడి మిస్ సోసీ. నవాహో తెగ మనిషి. ఆమె అమ్మా నాన్నా ఇద్దరికీ చెవుడు కావడంతో చేతులతో మాట్లాడటం ఆమెకు పుట్టుకతోనే వచ్చింది. అరాసెలీ పక్కన కూర్చుని టీచరు చెప్పే ప్రతి మాటా చేతుల్లోకి మార్చేది. పాఠాలే కాదు, వెనక బల్ల మీద ఎవరో వేసిన జోకు కూడా. "జోకు అర్థం కాకపోతే ఇక బడికెందుకండీ రావడం?" అనేది. సాయంత్రం బస్సులో ముందు సీట్లో కూర్చున్న అరాసెలీ, తల్లి బండి ఆపిన ప్రతి స్టాపు దగ్గరా ఆ రోజు బడిలో తెలిసిన జోకుల్లో ఒకటి చేతులతో చెప్పేది. ఎర్ర దీపాలు వెలుగుతుండగా, పిల్లలు దిగుతుండగా, ఒఫేలియా నవ్వేది.

ఇదంతా చెడిపోవడానికి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఒక ఖాతా కారణం. ఆ ఖాతాను ఇంటికి తెచ్చింది డెల్ఫీనా.

డెల్ఫీనా అంటే ఒకటో తరగతి నుంచి ఒకే బల్ల మీద కూర్చున్న మనిషి. ఒకరి జడ ఒకరు లాగిన మనిషి. అరాసెలీ బాప్తిస్మంలో పిల్లను ఎత్తుకుని జ్ఞానతల్లి అయింది. ఆ నీళ్ళు పిల్ల నెత్తిన పడినప్పటి నుంచీ వాళ్ళిద్దరూ కొమాద్రెలు. ఒక బిడ్డకు ఇద్దరు తల్లులన్నమాట. అప్పటిదాకా "ఏమే, ఒసే" అనుకున్నవాళ్ళు ఆ రోజు నుంచి "మీరు" అనుకోవడం మొదలుపెట్టారు. అక్కడ అది రివాజు. కొమాద్రె మాటను తరచి చూడటం, సాక్ష్యం అడగటం ఎంత తప్పంటే, అడిగినవాళ్ళ తల్లిని కూడా ఊరు తప్పుపడుతుంది.

డెల్ఫీనాకు మెయిన్ రోడ్డు మీద గౌన్ల దుకాణం ఉండేది. పదిహేనేళ్ళు నిండిన ఆడపిల్లలకు చేసే పండగ గౌన్లు. ఊళ్ళో ఆడపిల్లలు తగ్గిపోయి గౌన్లు అమ్ముడుపోవడం మానేశాయి. కిందటి మార్చిలో ఆమె ఒక పెట్టెడు తీపి రొట్టెలు పట్టుకుని వచ్చి ఒఫేలియా వంటింట్లో కూర్చుంది.

"కొమాద్రె, నేను బడి పెడుతున్నానండీ. చిన్నది. మన పిల్లలకు. పేరు సెమిల్లా. విత్తనం లాంటి బడి."

"డబ్బు కట్టగలిగేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు కొమాద్రె?"

"మనం కడితేగా! రాష్ట్రమే కడుతుంది. మీ పిల్ల సర్కారు బడికెళ్తే ఆ బడికి పోయే డబ్బు, మానేస్తే మీ పేరు మీద ఖాతాలో పడుతుంది. మూడు నెలలకోసారి. మీకు నచ్చిన బడికి మీరే కట్టుకోవచ్చు. పుస్తకాలకీ, ట్యూషన్లకీ కూడా. ఫీనిక్స్ వైపు గొప్పోళ్ళ పిల్లలు ఆ డబ్బుతో గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నారట. మన పిల్లలు మాత్రం ఆ పాత బడిలోనే మగ్గాలా?"

"మరి మిస్ సోసీ?"

"చేతుల మాట వచ్చిన మనిషిని నేనే పెడతానుగా. నా జ్ఞానపుత్రిక కాదూ అది!"

ఫోను బల్ల మీద పెట్టి డెల్ఫీనా వేలితో చూపించింది. ఇక్కడ నొక్కండి, ఇక్కడ పేరు రాయండి, మళ్ళీ ఇక్కడ. ఒఫేలియా నొక్కింది. రాత్రి రమీరో బూట్లు విప్పుకుంటూ, "చదివావా?" అన్నాడు. వారానికి ఒకటో రెండో మాటలు మాట్లాడే మనిషి. అందులో ఒకటి దీనికి ఖర్చుపెట్టాడు.

"కొమాద్రె చెప్పింది కదండీ."

ఆయన రెండో బూటు విప్పి పక్కన పెట్టాడు. కొమాద్రె చెప్పిందంటే ఆ ఊళ్ళో ఇంకేమీ అనరు.

ఆ చదవని దాంట్లో ఉన్నదేమిటో ఆగస్టులో బడులు తెరిచాక ఒక్కొక్కటిగా బయటపడింది. ఖాతా తీసుకున్నామంటే సర్కారు బడితో తెగతెంపులైనట్టే. చెవుడున్న పిల్లకు మనిషిని పెట్టి తీరాలని ఆ బడి మీద ఉన్న చట్టం బాధ్యత ఆ సంతకంతో పోయింది. కొత్త బడికి అలాంటి బాధ్యతేదీ లేదు. ఉంచుకుంటే ఉంచుకుంటుంది, పొమ్మంటే పొమ్మంటుంది.

మొదటి దెబ్బ బస్సు దగ్గరే తగిలింది. సర్కారు బడి బస్సు సర్కారు బడి పిల్లలకే. తను నడిపే బస్సులో తన బిడ్డకు చోటు లేదు. పొద్దున్నే రమీరో లారీలో దింపేసిన అరాసెలీ సాయంత్రం బడిగా మారిన గౌన్ల దుకాణం నుంచి సంచీ వేసుకుని కాలిబాట మీద నడిచి వచ్చేది. పక్కనుంచే ఆ పసుపు బస్సు, సగానికి సగం ఖాళీ సీట్లతో, తల్లి చేతిలో వెళ్ళేది. పిల్ల చెయ్యి ఊపేది. ఒఫేలియా హారన్ కొట్టేది, పిల్లకు వినపడదని తెలిసి కూడా.

రెండో దెబ్బ మిస్ సోసీ. సాయం కావలసిన పిల్ల బడిలో లేదు కాబట్టి సాయం చేసే మనిషీ అక్కర్లేదన్నారు. ఆమె సామాను సర్దుకుని టూసాన్‌లో వేరే బడికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు బస్సు షెడ్డు దాకా వచ్చింది. తిట్టడానికి కాదు. "అరాసెలీకి కొత్త జోకు ఒకటి బాకీ ఉన్నానండీ, చెప్పండి" అని ఆ జోకు చేతులతో చూపించి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

మూడోది అక్టోబరులో. పొద్దుటి ట్రిప్పుకీ మధ్యాహ్నం ట్రిప్పుకీ మధ్య డ్రైవర్లకు ఖాళీ. ఆ ఖాళీలో ఒఫేలియా చెప్పాపెట్టకుండా సెమిల్లాకి వెళ్ళింది. గౌన్లు తొడిగి చూసుకునే నిలువుటద్దాలు గోడల నిండా ఇంకా అలాగే ఉన్నాయి. బల్లల ముందు పిల్లలు టాబ్లెట్లు పెట్టుకుని కూర్చున్నారు. అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు. అరాసెలీ చెవులకు కూడా.

ఒఫేలియా అద్దంలో చూసింది. తెర మీద ఎవరో మనిషి పెదాలు కదుపుతున్నాడు. అరాసెలీ ఆ పెదాలనూ, తర్వాత పక్కవాళ్ళ మొహాలనూ చూసి, వాళ్ళు నవ్వినప్పుడు తనూ నవ్వుతోంది. చెవుల మీద ఆ నల్ల డబ్బాలు బుద్ధిగా పెట్టుకుని.

"అందరికీ ఒకే పద్ధతి కొమాద్రె," అంది డెల్ఫీనా. "తనొక్కదానికీ తీసేస్తే వేరుచేసినట్టుంటుందని."

"చేతుల మాట మనిషేదండీ?"

"వెతుకుతున్నానుగా. దొరకాలిగా. ఆ తెర మీద మాటలు కింద అచ్చులో కూడా వస్తాయిట, సెట్ చేయిస్తాను."

ఒఫేలియా ఆ రోజే గొంతు పట్టుకోవలసింది. పట్టుకోలేదు. కొమాద్రె కదా. "కాస్త త్వరగా చూడండి" అని బస్సు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు డిసెంబరు. డబ్బు మళ్ళీ ఖాతాలో పడి, అక్కడి నుంచి సెమిల్లాకి చేరిన మర్నాడు ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "జనవరి నుంచి అరాసెలీకి మా దగ్గర కుదరదు. తన అవసరాలు మా శక్తికి మించినవి. తగిన చోటు దేవుడే చూపిస్తాడు." కింద జోడించిన చేతుల బొమ్మ. ఇన్ని నెలల్లో ఆ పిల్ల కోసం డెల్ఫీనా వాడిన చేతి సైగ అదొక్కటే.

ఒఫేలియా సర్కారు బడికి పరిగెత్తింది. ప్రిన్సిపాల్ క్వీవిస్ ఒకప్పుడు ఆమె బస్సెక్కిన పిల్లవాడే. "ఖాతా మూసేయండి, తీసుకుంటాం. తీసుకోక తప్పదు, తీసుకోవాలనీ ఉంది," అన్నాడు. "కానీ మనిషి లేదు మిసెస్ బుస్తమాంతే. ప్రకటన ఇస్తాను. ఈ ఊరికి ఎవరొస్తారు? మిస్ సోసీకి అక్కడ పర్మనెంటు చేశారట."

అంటే అరాసెలీ ఆ బడిలోనూ పెదాలు చూస్తూ కూర్చుంటుంది. హెడ్‌ఫోన్లు ఉండవు, అంతే తేడా.

ఆ కోపమే అదిమిపట్టుకుని ఒఫేలియా తియా చోలే వంటింట్లో పొడుగాటి బల్ల దగ్గర కూర్చుంది. నానబెట్టిన మొక్కజొన్న పొత్తు రేకులు ఒక గంపలో. పంది కొవ్వు వేసి గిలక్కొట్టిన పిండి ఒక తొట్టెలో. ఎర్ర మిరపకాయల గుజ్జులో ఉడికిన మాంసం ఇంకో దాంట్లో. రేకు మీద పిండి పులమడం, మాంసం పెట్టడం, చుట్టడం, మడవడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, నోళ్ళు వాటి పని అవి. మొదటి విడత అప్పటికే పొయ్యి మీద పెద్ద కుండలో ఆవిరి పడుతోంది.

డెల్ఫీనా ఆలస్యంగా వచ్చింది. ఏమీ జరగనట్టే అందరి చెంపలూ ముద్దాడి, ఒఫేలియా చెంపను కూడా ముద్దాడి, ఎదురుగా కూర్చుంది.

"ఒఫేలియా, పిండి పులుముతున్నావా, రోడ్డుకు తారు వేస్తున్నావా?" అంది తియా చోలే మనవడి పెళ్ళాం లుపీతా. "పలచగా వెయ్యి అక్కా, తినేవాళ్ళకు మాంసం కూడా తగలాలి."

అందరూ నవ్వారు. ఒఫేలియా కూడా నవ్వబోయింది. అప్పుడు లుపీతా డెల్ఫీనా వైపు తిరిగింది.

"మా పిల్లాడిని మీ బడిలో వెయ్యాలనుకుంటున్నానండీ. ఆ ఖాతా ఎలాగో కాస్త చెప్తారా?"

"అయ్యో, ఎంతసేపు! ఫోను తేలేదా? ఇప్పుడే చేసేద్దాం." డెల్ఫీనా చేతి పిండి తుడుచుకుంది. "వాడికేమైనా లోపముందా? చూపు, మాట, నిలకడ, ఏదో ఒకటి? డాక్టరు కాగితం ఉంటే చూడు. అలాంటి పిల్లలకు కొన్ని రెట్లు ఎక్కువొస్తుంది."

ఒఫేలియా చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఏమన్నారు కొమాద్రె?"

"ఏంలేదండీ, లుపీతాకి చెప్తున్నా."

"నాకూ చెప్పండి. ఎన్ని రెట్లు ఎక్కువొచ్చింది నా కూతురికి?"

"ఇప్పుడెందుకవన్నీ..."

"ఎందుకా? చెవుడు చూసి చేర్చుకున్నావు. చెవుడు చూపించి గెంటేశావు. మధ్యలో డబ్బు మాత్రం తిన్నావు. అందుకు!"

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా తలలెత్తి చూశారు. మాటల వేడి కన్నా ఆ "నువ్వు" వాళ్ళను ఎక్కువ భయపెట్టింది. తొమ్మిదేళ్ళుగా అక్కడ ఎవరూ వినని మాట అది.

"ఆవే మారియా!" అని తియా చోలే గుమ్మంలోంచి లేచొచ్చింది. "పొయ్యి మీద కుండ ఉందే! ఆపండి! లుపీతా, కుండ చెవులకు పీలికలు కట్టు, వినపడకుండా! ఎవరైనా చిందెయ్యండే!"

కుండకు కోపం సోకితే దాని చుట్టూ నాట్యం చెయ్యాలి. అదే విరుగుడు. లుపీతా కంగారుగా రెండు రేకు పీలికలు చించి కుండ పిడులకు ముడివేసి, అక్కడే అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఇంకో రోజైతే ఒఫేలియా పొట్ట పట్టుకుని నవ్వేది.

"కట్టండి తియా, బాగా బిగించి కట్టండి," అంది. "కుండకు వినపడకూడదని ఇంత తాపత్రయం! నా పిల్లకు వినపడదని తెలిసి చెవులకు డబ్బాలు తగిలించినప్పుడు ఎవరూ చిందెయ్యలేదే!"

డెల్ఫీనా మొహం ఎర్రబడింది. "నేనేమైనా దొంగతనం చేశానా? సంతకం పెట్టింది నువ్వు. ఖాతా నీది. ఆ సర్కారు బడి ఏం ఉద్ధరించిందని? మా చినవాణ్ణి ఏళ్ళ తరబడి వెనక బల్ల మీద కూర్చోబెట్టి మర్చిపోయారు. అప్పుడు నీ నోరు లేవలేదేం? దుకాణం మూతపడింది. నేనూ బతకాలి. మనిషి కోసం నిజంగానే వెతికాను. రాలేదు. ఏం చెయ్యమంటావు?"

"చినవాడికి జరిగింది తప్పే. దానికి నా పిల్లను వెనక బల్ల మీద కూర్చోబెట్టి కసి తీర్చుకుంటావా? మనిషి రాలేదని ఆగస్టులో చెప్పుంటే మిస్ సోసీ ఇక్కడే ఉండేది! చెప్పలేదు. ఎందుకని? పిల్ల పోతే డబ్బు పోతుంది గనక."

"ఒఫేలియా, చాలు. తమాలెలు పచ్చిగా ఉండిపోతాయి," అని ఎవరో గొణిగారు.

"ఉండనీ! పచ్చివే తినండి!"

అరాసెలీ రేకుల గంప పక్కన నిలబడి అందరి నోళ్ళూ చూస్తోంది. ఒఫేలియా దాని భుజం పట్టుకుని డెల్ఫీనా ముందుకు తెచ్చి నిలబెట్టింది.

"జనవరి నుంచి రావద్దని దీనికి నేనింకా చెప్పలేదు. నువ్వే చెప్పు. ఫోనులో బొమ్మ పంపడం కాదు. దీని మొహం చూసి, దీనికి అర్థమయ్యేట్టు చెప్పు."

డెల్ఫీనా చేతులు రెండూ పిండిలో ఉన్నాయి. పైకెత్తింది. ఆ చేతులకు ఏం చెయ్యాలో తెలియలేదు. చివరికి పెదాలు పెద్దవి చేసి, ఒక్కో మాటా గట్టిగా, "మీహా... బిడ్డా... జనవరి... నుంచి..." అంటూ ఆగిపోయింది. ఊళ్ళో చెవుడు లేనివాళ్ళు చెవుడున్నవాళ్ళతో అలాగే మాట్లాడతారు, గొంతు పెంచితే చెవులొస్తాయన్నట్టు.

అరాసెలీ ఆ పెదాలను చదివింది. ఇన్ని నెలలుగా అదే పనిగా చేసి చేసి పిల్ల అందులో ఆరితేరింది. చేతులు లేపి చకచకా ఏదో చెప్పింది.

"ఏమంటోంది?" అంది డెల్ఫీనా.

ఒఫేలియాకు అర్థమైంది. ఆ చెవి డబ్బాలు ఇక ఆవిడనే పెట్టుకోమను, అంటోంది పిల్ల.

"నేను చెప్పను," అంది ఒఫేలియా. "నీ జ్ఞానపుత్రిక కదా. నేర్చుకుని తెలుసుకో."

డెల్ఫీనా చేతులు కడుక్కోకుండానే సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు సంచీ తగిలి కొట్టుకుంది. పిడి మీద పిండి మరక మిగిలింది. ఎవరూ వెనక్కి పిలవలేదు. ఎవరూ ఒఫేలియా పక్కన కూడా చేరలేదు. తలలు వంచుకుని రేకుల మీద పిండి పులుముకుంటూ కూర్చున్నారు. లుపీతా మాత్రం ఫోను జేబులో పెట్టేసుకుంది.

కుండ దింపే వేళకు ఇల్లంతా మిరపకాయ వాసన. తియా చోలే పెదవి విరుస్తూ మూత తీసింది. పైనున్న తమాలె ఒకటి తీసి పళ్ళెంలో పెట్టి రేకు విప్పింది. పిండి అంటుకోకుండా రేకు నుంచి శుభ్రంగా విడిపోయింది. మెత్తగా, పొంగి, లోపలిదాకా ఉడికిన తమాలె. ఇంకొకటి విప్పింది. అదీ ఉడికింది. అడుగు నుంచి ఒకటి లాగి విప్పింది. అదీ అంతే.

ముసలామె తమాలె వంకా ఒఫేలియా వంకా మార్చి మార్చి చూసింది.

"ఉడికాయే," అంది, ఎవరో తనను ఎనభై ఏళ్ళుగా మోసం చేసినట్టు.

"మంట ఉంటే ఉడుకుతాయి తియా," అంది ఒఫేలియా. ఎన్ని డిసెంబర్లు, ఎన్ని వంటిళ్ళలో, ఎందరు ఆడవాళ్ళు ఈ కుండ కోసం నోరు మూసుకున్నారో అనుకుంటే ఆమె కోపం చల్లారకపోగా ఇంకో రెండింతలైంది.

ఖాతా మూసేశాక, జనవరి మొదటి సోమవారం అరాసెలీ మళ్ళీ పసుపు బస్సెక్కింది. ముందు సీట్లో కూర్చుంది. పిల్లల్ని బడి దగ్గర దింపి, బండి షెడ్డులో పెట్టి, ఒఫేలియా ఇంటికి పోలేదు. కూతురున్న నాలుగో తరగతి గదిలోకి నడిచి, పిల్లల కోసం చేసిన కుర్చీ ఒకటి లాక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చుంది. రెండు ట్రిప్పుల మధ్య ఉన్న ఖాళీ అంతా రోజూ అక్కడే. టీచరు చెప్పింది చేతుల్లోకి మార్చింది. భిన్నాల దగ్గర తడబడింది. రాజ్యాంగం దగ్గర చేతులు అల్లుకుపోయాయి. మిస్ సోసీ నీళ్ళు తాగినట్టు చేసేది ఇది. మధ్యాహ్నం ట్రిప్పు టైముకు తను లేచి వెళ్ళిపోతే, ఆ తర్వాతి పాఠమంతా పిల్ల మళ్ళీ పెదాలు చూస్తూ కూర్చోవాలి. 

వెనక బల్ల వాళ్ళు మాత్రం వారం తిరక్కుండా చేతుల మాటలో తిట్లు నేర్చేసుకున్నారు. నేర్పిన అరాసెలీ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టేది. ఒఫేలియా తల తిప్పి ఒక చూపు చూసేది.

ఒకరోజు ప్రిన్సిపాల్ క్వీవిస్ గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. గంట మోగాక దగ్గరికొచ్చి, "మీలాంటి తల్లి ఉండటం ఈ బడి అదృష్టం మిసెస్ బుస్తమాంతే. వచ్చే బడి బోర్డు మీటింగులో అందరి ముందూ చెప్పాలనుకుంటున్నాను," అన్నాడు.

ఒఫేలియా ఆ చిన్న కుర్చీలోంచి లేచింది. బస్సు అద్దంలోంచి చూసే చూపే చూసింది. క్వీవిస్ చెయ్యి తనకు తెలియకుండానే టై దగ్గరికి పోయింది.

"బోర్డు మీటింగుకి నేనూ వస్తున్నాను. ఈ నెలా వస్తాను, పై నెలా వస్తాను," అంది. "నన్ను మెచ్చుకోవడం మానేసి మనిషిని వెతుకు, నాయనా."